మామిడిపండుకు ముచ్చెమటలు: పండ్ల ఫొటోల్లో నవ్వు పుట్టించడం ఎలా

మే నెల మధ్యాహ్నం, కావలిలో మా ఇల్లు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బంగినపల్లి పండును బల్ల మీద కత్తిపీటకు ఎదురుగా నిలబెట్టాను. సముద్రానికి దగ్గరి ఊరు కదా, గాలి నిండా తేమే. రెండు నిమిషాల్లో పండు మీద సన్నటి మంచుపొర కమ్మింది. ఇంకాసేపటికి ఆ పొర చుక్కలు చుక్కలుగా విడిపోయింది. తొడిమ కింద ఒక చుక్క బరువెక్కి, కాస్త ఆగి, పండు బుగ్గ మీదుగా కిందికి జారింది. వంటింట్లోంచి వస్తున్న మా అమ్మ ఆగి చూసి, "అయ్యో, పాపం, దానికి చెమటలు పడతన్నాయిరా" అని పకపకా నవ్వింది.

నేను ఆ పండుకు కళ్ళు అతికించలేదు. నోరు గీయలేదు. కిటికీ వెలుగు, కత్తిపీట, పండు, అంతే. మా అమ్మ నవ్విన క్షణంలో తీసిన ఆ ఫొటోనే ఇప్పటికీ నేను తీసిన పండ్ల ఫొటోలన్నింటిలో నాకు ఎక్కువ ఇష్టం.

నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌ని. ఆషాఢంలో, మూఢాల్లో పని ఉండదు. ఆ ఖాళీ రోజుల్లో కొన్నేళ్ళుగా పండ్లను ఫొటోలు తీస్తున్నాను. అలా తీస్తూ తీస్తూ ఒక విషయం నాకు గట్టిగా అర్థమైంది. నవ్వు కోసం పండుకు బయటి నుంచి ఏదో తగిలించనక్కర్లేదు. అది పండు ఆకారంలోనే ఉంటుంది. వెలుగు, నేపథ్యం, ఫోకస్ అన్నీ మంచి స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల) ఫొటోకి పెట్టినంత శ్రద్ధగా పెట్టి, ఒక్కచోట మాత్రం చిన్న మార్పు చేయాలి. చూసేవాళ్ళ కళ్ళు ఆ ఒక్క మార్పు దగ్గర ఆగినప్పుడు నవ్వు వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ మార్పును ఎలా వెతకాలి, ఎలా నిలబెట్టాలి అన్నదే. ఫోన్ ఉన్నా సరిపోతుంది.

మొదటి మెట్టు: వంకర పండ్లు ఏరుకోవడం

తినడానికి కొనే పండు వేరు, ఫొటోకి కొనే పండు వేరు. తినడానికి నున్నగా, గుండ్రంగా, మచ్చ లేకుండా ఉన్నది కావాలి. మనకు మాత్రం మనిషిలా నిలబడేది కావాలి. ఒకవైపు వాలినది, మెడ తిప్పినట్టు ఉన్నది, పొట్ట ముందుకు వచ్చినది, తొడిమ పిలకలా నిక్కినది. రెండు కాయలు అతుక్కుని పెరిగిన కవల అరటిపండు దొరికితే అస్సలు వదలకండి. తినకూడదని చాలామంది పక్కన పెట్టేస్తారు కాబట్టి బండివాళ్ళు దాన్ని ఊరికే కూడా ఇస్తారు.

బండి దగ్గర హడావిడి పడకండి. ఒక్కో పండునీ చేతిలోకి తీసుకుని నాలుగువైపులా తిప్పి చూడండి. నేను మామూలుగా కొనే బండి పెద్దాయన మొదట్లో, "ఏందబ్బయా, మంచియ్యి పెట్టుకోని వంకరయ్యే ఏరతా ఉండావు?" అని అడిగేవాడు. ఫోన్‌లో ఫొటోలు చూపించాను. ఇప్పుడు ఆయనే వంకర జామకాయలు నాకోసం గంప అడుగున దాచి పెడుతున్నాడు. మీరు కూడా ఎందుకు కావాలో దాచకుండా చెప్పండి, ఆ సాయం చాలా పెద్దది.

మన దగ్గర ఏ కాలానికి ఆ కాలం నటులు ఉంటారు. వేసవిలో జాతీయ రహదారి మీద ఉలవపాడు దాటుతుంటే రోడ్డు పక్కన మామిడిపండ్లు, సపోటాలు కుప్పలు పోసి ఉంటాయి. మామిడికి భుజాలు ఉంటాయి, ముక్కు ఉంటుంది, అందుకే అది పుట్టు నటుడు. సపోటా బిడియస్తుడు, ఎక్కడ పెట్టినా ఒదిగి కూర్చుంటుంది. అదే కాలంలో తాటికాయలు వస్తాయి. పైభాగం చెక్కగానే మూడు ముంజలు మూడు కళ్ళలా బయటపడతాయి. ఆ చెక్కిన కాయ ఆశ్చర్యపోయిన ముఖమే, మనం చేయాల్సింది దాన్ని సరిగ్గా తిప్పి పెట్టడం ఒక్కటే. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే వెలగపండ్లు వస్తాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఆ తర్వాత సీతాఫలాలు. నిమ్మకాయలకైతే పొదలకూరు, గూడూరు మార్కెట్లు ఉన్న ప్రాంతం మనది, ఏడాది పొడుగునా కొదవ లేదు.

రెండో మెట్టు: పండు ఎటు చూస్తోందో తేల్చుకోవడం

ఇంటికి తెచ్చాక కెమెరా వెంటనే తీయకండి. పండును బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చోండి. ప్రతి పండుకూ ముఖం ఒకవైపు, వీపు ఒకవైపు ఉంటాయి. రెండు చుక్కలు, వాటి కింద ఒక గీత కనిపిస్తే చాలు, మన మెదడు దాన్ని ముఖం అనుకుంటుంది. మచ్చలున్న జామకాయలో, మూడు కన్నులున్న కొబ్బరికాయలో అందుకే మనకు ఎవరో కనిపిస్తారు. మచ్చలు లేని పండులో కూడా తొడిమ ఎటు వంగి ఉంటే పండు అటు చూస్తున్నట్టు ఉంటుంది.

ముఖం కంటే ముఖ్యమైనది వాలు. ఇది ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. ఒక సపోటాను నిటారుగా పెట్టండి, అది ఊరికే సపోటా. దాన్ని కొంచెం ముందుకు వంచండి, తలవంచుకుని తిట్లు తింటున్న పిల్లవాడు అయిపోతుంది. అదే కోణంలో వెనక్కి వాల్చండి, పంచాయతీలో కాలు మీద కాలు వేసుకున్న పెద్దమనిషి. పక్కకు వాల్చి ఇంకో పండుకు ఆనించండి, బస్సులో పక్కవాడి భుజం మీద నిద్రపోతున్న ప్రయాణికుడు. పండు అదే, మారింది పది పదిహేను డిగ్రీల వాలు.

రెండో పండు వచ్చిందంటే దూరం కూడా మాట్లాడుతుంది. రెండు జామకాయలు తాకుతూ ఉంటే స్నేహం. వేలెడు సందు వదిలితే మొహమాటం. జానెడు సందు వదిలి రెండింటినీ చెరోవైపు తిప్పితే మాటలు లేని మొగుడూ పెళ్ళాలు. నేను పెళ్ళిళ్ళలో చూసినవే ఇక్కడ వాడుకుంటాను. పెళ్ళిచూపుల ఫొటో ఒకటి ఇలా తీశాను. ఎడమవైపు ఒక బొప్పాయి, ఒక గుమ్మడికాయ, కుడివైపు ఒక దోసకాయ, ఒక కొబ్బరికాయ. వీళ్ళు పెద్దవాళ్ళు. మధ్యలో ఒక సపోటా, ఒక లేత జామకాయ. పెద్దవాళ్ళందరినీ ఒకరివైపు ఒకరు తిప్పి మాటల్లో ముంచేశాను. జామకాయను ముందుకు వంచి, ఆకు ఒకటి దాని మీదికి వాలేలా ఉంచాను. సపోటాను మాత్రం అందరికీ వీపు పెట్టకుండా, జామకాయ వైపు కొద్దిగా, చాలా కొద్దిగా తిప్పాను. మొదట ఎక్కువ తిప్పితే వెకిలిగా వచ్చింది. వెనక్కి తెచ్చాక అబ్బాయి దొంగచూపు చూస్తున్నట్టు కుదిరింది.

కాగితం మీద పండ్ల స్థానాలు గీసుకుని, ఎవరు ఎటు చూస్తున్నారో బాణం గుర్తులు పెట్టుకుంటే పని తేలికవుతుంది.

మూడో మెట్టు: ఆలోచన ఒక్క వాక్యంలో రావాలి

"మామిడిపండు కత్తిపీటను చూసి భయపడింది." "క్లాసులో ఒక్కడు మాత్రం వెనక్కి తిరిగాడు." ఇలా ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే ఫొటో తీయండి. "అంటే ఏంటంటే" అని మొదలుపెట్టాల్సి వస్తే ఆ ఆలోచనను పక్కన పెట్టేయండి.

మన సామెతల్లో ఈ వాక్యాలు రెడీగా ఉన్నాయి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడట. ఇందులో అసలు కిటుకు బూడిద గుమ్మడికాయది. దాని మీద తెల్లటి పొడి ఉంటుంది, భుజాన మోసుకెళ్తే అంటుకుంటుంది. అందుకని ఒక పెద్ద బూడిద గుమ్మడికాయను వెనక పెట్టి, ముందు నాలుగు పచ్చి మామిడికాయలను వరసగా నిలబెట్టండి. నాలుగింటిలో ఒక్కదాని భుజం మీద మాత్రం గుమ్మడికాయ పొడి వేలితో కొంచెం రాయండి. తెలుగువాళ్ళు ఎవరు చూసినా ముందు వరసంతా చూసి, తర్వాత ఆ భుజం దగ్గర ఆగి నవ్వుతారు. దొంగ దొరికాక వాణ్ణి జైల్లో పెట్టే రెండో ఫొటో కూడా తీయొచ్చు. ఉదయగిరి చెక్క ఫోర్కులు నాలుగైదు నిలువుగా వరసగా నిలబెడితే చక్కటి ఊచలవుతాయి.

ఒక్క మార్పుకు ఎంత బలం ఉంటుందో ప్రపంచం 2019లో చూసింది. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ మయామీలో ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించాడు. గోడ మామూలుదే, పండు మామూలుదే, టేపు మామూలుదే. ఆ కళాకృతి 2024 నవంబరు వేలంలో 62 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని ధర మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఆ గోడ మీద ఇంకో రెండు పండ్లు, ఒక టోపీ, ఒక కళ్ళజోడు ఉండి ఉంటే ఎవరూ ఆగి చూసేవాళ్ళు కాదు.

ప్లాస్టిక్ కళ్ళు, స్కెచ్ పెన్నుతో గీసిన నవ్వులు వద్దని నేను గట్టిగా చెప్తాను. అవి పెట్టగానే చూసేవాళ్ళకి కనిపెట్టే పని ఏమీ మిగలదు, నవ్వు ఆ కనిపెట్టడంలోనే ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. రంగు మీద, లావు మీద, ఆడవాళ్ళ శరీరం మీద జోకులు పండ్లతో చేయడం చాలా సులువు. నేరేడుపండు పక్కన ఆపిల్‌ను పెట్టి రంగుల పోలిక తీయొచ్చు. పెళ్ళిచూపుల్లో ఆ మాటలు విని కన్నీళ్ళు పెట్టుకున్న అమ్మాయిల్ని నేను దగ్గర నుంచి చూశాను. అలాంటి ఫొటో నేను తీయను, మీరూ తీయొద్దని అడుగుతున్నాను.

నాలుగో మెట్టు: మన ఊళ్ళ సామాను

నేపథ్యానికి ఆన్‌లైన్‌లో బోర్డులు కొనే ముందు చుట్టుపక్కల చూడండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు దొరికేవి నాకు వాటికంటే బాగా నచ్చుతాయి.

ఒకటి మార్కాపురం పలక. రాతిపలక మెరవదు, వెలుగును మింగేస్తుంది, కాబట్టి పసుపు, నారింజ రంగు పండ్లు దాని ముందు వెలిగిపోతాయి. దానితో నాకు బాగా కుదిరిన ఫొటో నిమ్మకాయల బడి. చెక్క ఫ్రేమున్న పాత పలక మీద బలపంతో అ ఆ ఇ ఈ రాసి గోడకు ఆనించండి. దాని ముందు జానెడు వదిలి, తొమ్మిది నిమ్మకాయలను మూడు వరసల్లో పడుకోబెట్టండి. నిమ్మకాయకు ఒక కొసన చిన్న ముక్కు ఉంటుంది, రెండో కొసన తొడిమ ఊడిన గుండ్రటి మచ్చ. ఎనిమిది కాయల ముక్కులు పలక వైపు, మచ్చలు మనవైపు. వెనక నుంచి చూస్తే అచ్చం పిల్లల తలల మీది సుడుల్లా ఉంటాయి. చివరి వరసలో ఒక్కదాన్ని మాత్రం ముక్కు మనవైపు వచ్చేలా తిప్పండి. మధ్యలో ఉన్నదాన్ని తిప్పకండి, పక్కన ఉన్నదాన్ని తిప్పండి. బళ్ళో వెనక్కి తిరిగేవాడు ఎప్పుడూ చివర్లోనే కూర్చుంటాడు. బలపం ముక్క ఒకటి వాడి దగ్గర పడేస్తే చాలు, ఇంకేమీ పెట్టకండి.

రెండోది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో బంగారు చుక్కలుంటాయి, మెరుగు పెట్టిన ముక్కను చూస్తే నక్షత్రాల ఆకాశమే. దేశదేశాలకు ఎగుమతి అయ్యే రాయి అది. మనకు కావాల్సింది అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉన్న చెత్త ముక్క ఒకటి. ఆ సైజు ముక్కే ఏడు కిలోల దాకా బరువుంటుంది, కాబట్టి నిలబెట్టాలని చూడకండి. నేల మీద పరచండి.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున మేడ ఎక్కి దక్షిణం వైపు చూడటం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు కూడా అలాగే చూశాం. ఆ ఏడాది వినాయకచవితికి పాలవెల్లి కోసం తెచ్చిన వెలగపండు చేతిలోకి తీసుకోగానే నాకు చంద్రుడు కనిపించాడు. బూడిద తెలుపు రంగు, గరుకు పెంకు, అక్కడక్కడా గుంటలు. గెలాక్సీ గ్రానైట్ మీద పైమూలన వెలగపండును పెట్టాను. కిందిమూల నుంచి దానివైపు ఒక ఎర్రటి పండుమిరపకాయను గురిపెట్టాను. కొస ముందుకు, తొడిమ వెనక్కి. తొడిమ దగ్గర దూదిని పలచగా లాగి పొగలా పరిచాను. పైనుంచి నిలువుగా ఫొటో తీస్తే దారాలు కట్టే పని లేకుండానే అన్నీ గాల్లో తేలుతున్నట్టు వస్తాయి.

ఈ ఫొటోలో కష్టం ఒక్కటే. మెరిసే రాయి అద్దంలా పనిచేసి మీ ముఖాన్ని, ఫోన్‌ను, ఇంటి కప్పును చూపిస్తుంది. ఒక నల్ల చార్ట్ మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, దాని వెనక నుంచి తీయండి. గదిలో పైలైట్లన్నీ ఆపేసి, వెలుగు ఒకే పక్క నుంచి తక్కువ ఎత్తులో వచ్చేలా చూసుకోండి. రాయిని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ఒక కోణంలో బంగారు చుక్కలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. అక్కడ ఆపండి. ఆ పక్కవెలుగుకే వెలగపండు గరుకుతనం కూడా చంద్రుడి మీది గుంటల్లా పైకి తేలుతుంది.

అయిదో మెట్టు: వెలుగు

నవ్వు ఫొటో కదా అని నాలుగువైపులా లైట్లు వేసి తెల్లగా మెరిపించేస్తారు చాలామంది. అప్పుడు పండు రంగుల బొమ్మలా చదునుగా అయిపోతుంది. పెద్దమనిషి పోర్ట్రెయిట్ తీస్తున్నామనుకోండి, ఏం చేస్తాం? కిటికీ పక్కన కూర్చోబెడతాం. ఇక్కడా అంతే.

ఎండ నేరుగా పడని కిటికీ, ఉత్తరం వైపుదైతే మరీ మంచిది. దానికి రెండడుగుల దూరంలో బల్ల వేసి, వెలుగు ఎడమ నుంచో కుడి నుంచో వచ్చేలా పండును పెట్టండి. ఎండ తగిలే కిటికీ ఒక్కటే ఉంటే తెల్ల పంచె ఒక మడత కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. రెండోవైపు నీడ మరీ నల్లగా ఉంటే థర్మోకోల్ ముక్క ఒకటి నిలబెట్టి దగ్గరికి జరుపుతూ చూడండి. ట్యూబ్‌లైట్ తప్పకుండా ఆపండి, రెండు రకాల వెలుగు కలిస్తే పండు రంగు పాడవుతుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక వంకర క్యాప్సికంను తగరపు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. గరాటు లోపలి గోడలు వెలుగును చుట్టూ తిప్పి కాయ వంపులన్నింటినీ పట్టి చూపించాయి. ఆ ఫొటో చూస్తే వంగి కూర్చున్న మనిషి వీపు గుర్తొస్తుంది. మన ఇంట్లో స్టీలు గిన్నెను పక్కకు పడుకోబెట్టి లోపల వంకర జామకాయను పెట్టి చూడండి, అదే పని చేస్తుంది.

భయం, దొంగతనం లాంటి సన్నివేశాలకు మాత్రం గట్టి వెలుగు కావాలి. గది చీకటి చేసి టార్చ్ ఒకటి కత్తిపీటకు దగ్గరగా, కిందినుంచి వేస్తే కత్తిపీట నీడ గోడ మీద పెద్దగా పడుతుంది.

ఆరో మెట్టు: కెమెరా ఎత్తు, సెట్టింగులు

మనం పండ్లను ఎప్పుడూ పైనుంచి చూస్తాం, అందుకే పైనుంచి తీస్తే అది పండులాగే ఉంటుంది. కెమెరాను పండు కళ్ళ ఎత్తుకు దించండి. బల్ల అంచుకు గడ్డం ఆనించి చూస్తే ఆ ఎత్తు తెలుస్తుంది. ఒక్కసారిగా పండు మనిషి అయిపోతుంది. ఇంకా కిందికి దించితే కథానాయకుడు.

ఫోన్‌తో తీసేటప్పుడు మరీ దగ్గరికి వెళ్ళకండి, ముందున్న పండు ఉబ్బిపోయి వెనకవి చిన్నవైపోతాయి. కొంచెం వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడండి. పండు ముఖం అనుకున్నచోట స్క్రీన్ మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగుతుంది. తర్వాత వెలుగు గుర్తును కొద్దిగా కిందికి లాగండి, పండు మీది మెరుపు కాలిపోకుండా ఉంటుంది. మూడు సెకన్ల టైమర్ పెట్టి పుస్తకాల దొంతరకు ఆనించి తీయండి. పెద్ద కెమెరా ఉంటే ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి. పండ్లు కదలవు కాబట్టి షట్టర్ వేగం 1/8 సెకనుకు పడిపోయినా ఇబ్బంది లేదు. నిమ్మకాయల బడికి నేను ఎఫ్/5.6 వాడాను, తిరిగిన కాయ స్పష్టంగా వచ్చి పలక మీది అక్షరాలు చదవగలిగేంత మాత్రం మెత్తబడ్డాయి.

పండు చూస్తున్న వైపు ఖాళీ వదలండి. కత్తిపీట వైపు చూసే మామిడికి, దానికీ కత్తికీ మధ్య ఉన్న ఖాళీయే టెన్షన్. మరీ దగ్గర పెడితే ప్రమాదం అయిపోయినట్టు ఉంటుంది, మరీ దూరం పెడితే సంబంధం తెగిపోతుంది. నేను ఆరంగుళాల దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం జరుపుతూ తీశాను. నాలుగంగుళాల దగ్గర కుదిరింది.

ఏడో మెట్టు: నిలబెట్టడం, చెమట పట్టించడం

గుండ్రటి పండ్లు దొర్లుతాయి. గట్టిగా కలిపిన గోధుమపిండి చిన్న ఉండ ఒకటి కింద పెట్టి నొక్కితే ఏ వాలులో కావాలంటే ఆ వాలులో ఆగుతాయి. ఉండ కెమెరాకు కనిపించకుండా వెనకవైపుకు నొక్కండి. బరువైన మామిడి నిలబడకపోతే కింద పలచగా ఒక చెక్కు కోసి చదును చేయండి. రెండు పండ్లు ఒకదాని మీద ఒకటి నిలవాలంటే టూత్‌పిక్ గుచ్చండి. పచ్చి మామిడితో పని చేసేటప్పుడు తొడిమ విరిగితే జీడి చిమ్ముతుంది, అది చర్మం మీద పడితే పొక్కుతుంది. కాయను ముందే కడిగి తుడిచి పెట్టుకోండి, పిల్లల్ని ఆ పనికి పెట్టకండి.

కోసిన పండ్లు చివర్లో రావాలి. సెట్ అంతా కోయని పండుతో సిద్ధం చేసుకుని, వెలుగు, ఫోకస్ అన్నీ చూసుకున్నాక అసలుది కోసి దాని స్థానంలో పెట్టండి. ఆపిల్, అరటి, జామ ముక్కలు గాలి తగిలితే లోపలి ఎంజైమ్ వల్ల గోధుమరంగుకు తిరుగుతాయి. నిమ్మరసం కలిపిన నీళ్ళు బ్రష్‌తో రాస్తే చాలాసేపు ఆగుతుంది. చీమలు వస్తే బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టండి.

ఇప్పుడు మామిడి చెమట. పండును రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా అదే సైజు ఇంకో పండుతో కత్తిపీట, వెలుగు, ఫోకస్ అన్నీ సరిచేసుకోండి. గదిలో ఏసీ ఆపేయాలి, లేకపోతే గాలిలో తేమ తగ్గి చెమట సరిగ్గా పట్టదు. పండు బయటికి తీసేటప్పుడు తొడిమ దగ్గరే పట్టుకోండి, వేలిముద్రలు పడితే అక్కడ పొర చెదిరిపోతుంది. మొదట వచ్చే మంచుపొర దశలో తీయకండి, పండు మసగ్గా కనిపిస్తుంది. చుక్కలు విడిపోయి, ఒకటి రెండు జారడం మొదలైనప్పుడు వరసగా నొక్కుతూ ఉండండి. ఆ పది నిమిషాలే దొరుకుతాయి. పండు గది వేడికి వచ్చిందంటే చెమట ఆగిపోతుంది. చలికాలంలోనో, మార్కాపురం వైపు పొడిగాలి ఊళ్ళలోనో తీస్తుంటే గ్లిజరిన్, నీళ్ళు సమంగా కలిపి స్ప్రే చేయండి, ఆ చుక్కలు గంటల తరబడి ఉంటాయి. నాకు మాత్రం అసలు చెమటే ఇష్టం. అది జారే తీరు గ్లిజరిన్‌కు రాదు.

కత్తిపీట కత్తికి ముందే గుడ్డ చుట్టి ఉంచండి. ఫొటో తీసే కాసేపు మాత్రమే విప్పి, అవగానే మళ్ళీ చుట్టండి. వెలుగు చూసుకుంటూ చుట్టూ తిరిగేటప్పుడు చేయి తగిలే అవకాశం ఎక్కువ.

ఎనిమిదో మెట్టు: ఏరడం, పేరు పెట్టడం

ఒక్క సెట్‌కు యాభై అరవై ఫొటోలు వస్తాయి. వాటిని మూడు నాలుగుకు తగ్గించి, ఏమీ చెప్పకుండా ఇంట్లో ఇద్దరికి చూపించండి. ఒకరు పిల్లలైతే మంచిది. మూడు సెకన్లలో పెదవి కదిలితే అదే ఫొటో. వాళ్ళు "ఇదేంటి?" అని అడిగితే మీరు వివరించకండి, వెళ్ళి మళ్ళీ తీయండి. నిమ్మకాయల బడిలో మొదట నేను రెండు కాయలు తిప్పాను. మా అన్న కూతురు చూసి, "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారా?" అంది. ఆ మాట విన్నాకే ఒకదాన్ని మళ్ళీ పలక వైపు తిప్పేశాను.

ఎడిటింగ్‌లో గోధుమపిండి కొస, దారం లాంటివి చెరపండి, అవసరమైతే కాస్త క్రాప్ చేయండి. రంగులు పెంచకండి. మామిడి మామిడి రంగులో ఉన్నంతవరకే చూసేవాళ్ళు దాని భయాన్ని నమ్ముతారు.

పేరు రెండు మూడు మాటల్లో ఉండాలి, ఫొటోలో ఉన్నదాన్ని మళ్ళీ చెప్పకూడదు. చెమట పట్టిన పండు ఫొటోకి "భయపడ్డ మామిడి" అని పెడితే నవ్వు చచ్చిపోతుంది. నేను "మధ్యాహ్నం ఒంటిగంట" అని పెట్టాను, అందరూ భోజనానికి కూర్చునే వేళ కదా. నిమ్మకాయలకు "రెండో పీరియడ్".

అంతా అయ్యాక పండ్లు తినాలి. వాటిని పారేయడం నాకు మనసొప్పదు. గ్లిజరిన్ కొట్టినవి బాగా కడిగి తొక్క తీయండి. కోసి గంటల తరబడి ఎండాకాలపు గదిలో ఉంచిన ముక్కల్ని మాత్రం తినకుండా గేదెల కుడితిలో వేసేయండి. టూత్‌పిక్‌లు ఎన్ని గుచ్చారో మొదట్లోనే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎనిమిది గుచ్చితే ఎనిమిదీ లెక్కపెట్టి తీశాకే పండు పిల్లల చేతికివ్వండి.